ఉతక్కూడని చొక్కా

మా అత్తగారికి మురికి బట్ట కంటబడితే చేతులు ఊరుకోవు. నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో ఒకరోజు స్నానం చేసి వచ్చేసరికి కుర్చీ మీద పెట్టిన గౌను మాయమైంది. చూస్తే అప్పటికే పెరట్లో దండెం మీద నీళ్ళోడుతోంది. "ఒక్కపూటేగా అత్తయ్యా వేసుకుంది" అన్నాను. "ఒక్కపూటలో మురికి పట్టదని మీ పోలిష్ వాళ్ళు అనుకుంటారు" అంది. టొలీడోలో నదికి తూర్పున ఉన్న మా హంగేరియన్ పేటలో ఆవిడ దండెం చూసి ఇవాళ ఏ వారమో చెప్పేవాళ్ళు. నేను నది అవతలి నుంచి వచ్చిన పిల్లని కాబట్టి నాకు శుభ్రమూ తెలియదు, కోడికూరలో మిరప్పొడి ఎంత వెయ్యాలో అదీ తెలియదు. నేనూ నోట్లో నాలుక లేనిదాన్నేం కాదు. ఆవిడ ఒకటంటే నేను రెండు అనేదాన్ని. మా ఆయన టిబోర్ ఇద్దరి మధ్యా కూర్చుని తినేసి గరాజులోకి పారిపోయేవాడు.

గరాజులో ఆయన డ్రమ్ములు ఉండేవి. టిబోర్ 'బ్లూ ఫర్నేస్' అనే రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. పాడేది ఆయన తమ్ముడు లాట్సి. ఇంట్లో లాట్సి, బయట జనానికి లెస్. భుజాలు దాటిన జుట్టూ, బొడ్డుదాకా విప్పిన గుండీలూ, వాడు మైకు పట్టుకుంటే చాలు ఆడపిల్లలు ఏడ్చేవాళ్ళు. వాడి చేత మొట్టమొదటి పాట పాడించిందీ, డొక్కు వ్యానులో ఎక్కించుకుని ఊరూరా తిప్పిందీ మా ఆయనే. కానీ డ్రమ్ములవాడి చోటు ఎప్పుడూ వెనకాల చీకట్లో, పెద్ద పెద్ద ఇత్తడి తాళాల మాటున. పేపర్లో పడ్డ ప్రతి ఫొటోలోనూ మా ఆయన ఒక మోచెయ్యి. "ఇదిగో నేను" అని ఆ మోచేతిని నాకు చూపించి నవ్వేవాడు. ఆ నవ్వు నాకు బాగుండేది కాదు.

1975 వేసవిలో ఆ బ్యాండు కచేరీని సినిమాగా తీస్తామని న్యూయార్కు నుంచి మనుషులు వచ్చారు. మా ఊళ్ళోనే, హాకీ ఆడే స్టేడియంలో, వరసగా మూడు సాయంత్రాలు కచేరీ. డైరెక్టరు పేరు వెండెల్. బక్కపల్చటి మనిషి, ఎదుటివాళ్ళని చూసేటప్పుడు కూడా ఒక కన్ను మూసేవాడు. ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి అత్తగారి కోడికూర మారు వడ్డించుకుని, చెంచా పళ్ళెంలో పెట్టి, మా ఆయనతో అన్నాడు.

"టిబోర్, డ్రమ్ముల వెనకాల ఒక కెమెరా పెడుతున్నాను. అది నీ ఒక్కడికే. నీ వీపు, నీ చేతులు, నీ ముందు అంత జనం. పాడేవాణ్ణి అందరూ చూశారు. నువ్వు కూర్చున్నచోటి నుంచి కచేరీ ఎలా ఉంటుందో ఎవడూ చూళ్ళేదు."

టిబోర్ చెవులు ఎర్రబడ్డాయి. నలభైకి దగ్గరపడ్డ మనిషి, బడిలో బహుమతి వచ్చిన పిల్లాడిలా తల దించేసుకున్నాడు.

"మరి నాకో?" అన్నాడు లాట్సి.

"నీకు నాలుగు కెమెరాలు."

"అయితే సరే. అన్నయ్యకి ఒకటి పడేయండి, పోనీ" అన్నాడు వాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

"ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి" అన్నాడు వెండెల్. "మూడు రోజులు తీస్తాం కానీ సినిమాలో అది ఒకే రోజు. ఒకే పాటలో సగం సోమవారంది, సగం బుధవారంది ఉంటుంది. అంచేత మొదటిరోజు ఏది తొడుక్కున్నారో మూడు రోజులూ అదే తొడుక్కోవాలి. ఉతక్కూడదు. ఇస్త్రీ చెయ్యకూడదు."

మా అత్తగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. "ఏమంటాడ్రా?" అంది. టిబోర్ వాళ్ళ భాషలో చెప్పాడు. ఆవిడ ఆ బక్కమనిషిని జాలిగా చూసి, "పాపం, తల్లి లేని పిల్లాడేమో" అని ఇంకో గరిటె కూర వడ్డించింది. ఆయన దానికి థాంక్స్ చెప్పాడు.

సినిమాకని ఆవిడ టిబోర్‌కి ఒక చొక్కా కుట్టింది. తెల్లటి నార గుడ్డ. ఛాతీ మీద, భుజాల మీద, మెడ వెనకాల ఎర్ర తులిప్ పూల కుట్టుపని. వాళ్ళ ఊళ్ళో పెళ్ళికొడుక్కి అలాంటిది కుడతారట. "నా పెళ్ళికి కుట్టలేదేమమ్మా?" అని టిబోర్ అడిగితే, నా వైపు ఓరగా చూసి, "అప్పుడు నాకు తీరిక లేదు" అంది. లాట్సి ఆ చొక్కా చూసి, "అన్నయ్యా, నువ్వు రాక్ వాయిస్తావా, చర్చి జాతరలో నాట్యం చేస్తావా?" అని ఏడిపించాడు. టిబోర్ అద్దం ముందు వెనక్కి తిరిగి, మెడ తిప్పి తిప్పి, వీపు మీది పూలు చూసుకున్నాడు. తెర మీద కనబడబోయేది ఆ వీపే కదా.

మొదటి సాయంత్రం బ్రహ్మాండంగా జరిగింది. స్టేజి పక్కన నించుని నేను పాటలు వినలేదు, ఆ కెమెరానే చూస్తూ ఉన్నాను. అది నిజంగానే ఆయన వెనకాల ఉంది. ఇంటికొచ్చాక తడిసి ముద్దయిన చొక్కాని తలుపు వెనక చిలక్కొయ్యకి తగిలించి, "ఎవరూ ముట్టుకోవద్దు" అని పైకే చెప్పి పడుకున్నాను. పొద్దున్నే నేను బేకరీ పనికి పోవాలి. ఆయన మధ్యాహ్నం దాకా లేవడు.

పని నుంచి తిరిగొస్తూ సందు మలుపు తిరిగేసరికి మా దండెం కనిపించింది. దాని మీద ఒకే ఒక్క చొక్కా, చేతులు చాచుకుని గాలికి ఊగుతోంది. గులాబీరంగు చొక్కా.

ఆవిడ దాని పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"దారం కొట్టువాడు మోసం చేశాడు" అంది నన్ను చూసి. "మా ఊరి దారం ఎంత మరిగించినా రంగు పోదు. ఇక్కడి దారం..."

"మరిగించారా?"

"చెమట ఊరికే పోతుందా? నీలిమందు కూడా పెట్టాను. పోలేదు."

"వద్దని చెప్పాడు కదత్తయ్యా! మీ ముందేగా చెప్పాడు!"

"సినిమా ఊరూరా ఆడుతుందన్నారు. కంపుకొట్టే చొక్కా తొడిగి పంపిన తల్లెవర్రా అనరూ?" అంది. ఆ గొంతులో ఎప్పటి జోరు లేదు. సినిమాలో కంపు కనబడదని నేను అనబోయి ఊరుకున్నాను.

టిబోర్ కళ్ళు నులుముకుంటూ పెరట్లోకి వచ్చాడు. దండెం వైపు చూశాడు. వాళ్ళమ్మ వైపు చూశాడు.

"బాగానే ఉందిలే అమ్మా" అన్నాడు. "ఉతికావు కాబట్టి ఒంటికి చల్లగా ఉంటుంది."

ఆ సాయంత్రం స్టేజి వెనకాల వెండెల్ ఆ చొక్కాని రెండు కళ్ళూ తెరిచి చూశాడు.

"ఇదెవరు ఉతికారు?"

"నేనే" అన్నాడు టిబోర్. "కాఫీ ఒలికింది."

"కాఫీ ఒలికితే కాఫీ మరక ఉంచుకోవాలి నాయనా! పాట మొదట్లో తెల్లచొక్కా, చివర్లో గులాబీ చొక్కా అయితే జనం పాట వింటారా, చొక్కా చూస్తారా?"

వెండెల్ కేకలు వేసే మనిషి కాదు. కెమెరావాడి చెవిలో ఏదో అన్నాడు. కెమెరావాడు మూడుకాళ్ళ స్టాండుని చంకన పెట్టుకుని, డ్రమ్ముల వెనక నుంచి దిగి, గిటారు వాయించేవాడి వైపు వెళ్ళిపోయాడు. మూడో సాయంత్రం కూడా ఆ కెమెరా అక్కడే ఉంది.

జూలై మొదట్లో లాట్సి ఆదివారం భోజనానికి వచ్చాడు. చల్లటి చెర్రీ పండ్ల సూపు తాగుతూ, మీసం తుడుచుకుంటూ, ఏదో జోకు చెప్పినట్టు చెప్పాడు.

"అమ్మా, నీ సబ్బు గొప్పదే. రంగే కాదు, ఏకంగా అన్నయ్యనే సినిమాలోంచి ఉతికి పారేసింది."

టిబోర్ బల్ల కింద వాణ్ణి కాలితో తన్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. అత్తగారు గరిటె చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"వీడేం కనబడడా?"

"ముక్కలు ముక్కలుగా. మోచెయ్యి, జుట్టు."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోందని నాకు తెలుసు. ఆవిడంటే నాకు అంతకుముందు ఎప్పుడూ జాలి కలగలేదు, ఆరోజు కలిగింది. నేను లాట్సి వైపు చూసిన చూపుకి వాడు కూడా సర్దుకున్నాడు.

"అరె, దానికింత ఏడుపెందుకు? ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక స్టూడియోలో కొన్ని ముక్కలు మళ్ళీ తీస్తారు. అదే స్టేజి వేస్తారు, అవే దీపాలు. అచ్చం ఆ తెల్లచొక్కా లాంటిదే ఇంకోటి ఉంటే చాలు, ఎవడు పసిగడతాడు?"

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో వేరే పని లేదు. ఆవిడ బస్సెక్కి క్లీవ్‌లాండు దాకా వెళ్ళి, ఎవరో చుట్టాలావిడ దగ్గర పాతదేశం దారం సంపాదించుకొచ్చింది. ప్రతి చిలపనీ వేణ్ణీళ్ళూ వెనిగరూ కలిపి నానబెట్టి, పిండి, తెల్లగుడ్డ మీద రుద్ది చూసి, అప్పుడు సూదికి ఎక్కించేది. సూదిలోకి దారం ఎక్కించడం నా పని. ఆవిడ కళ్ళకి సూది బెజ్జం ఆనడం లేదు, దగ్గరికి పెట్టుకుని తడుముకుంటూ కుట్టేది. బేకరీ నుంచి రాగానే వరండాలో కూర్చుని, ఆవిడకి కావలసినన్ని సూదులు సిద్ధం చేసి దిండుకి గుచ్చి పెట్టేదాన్ని. "వంకరగా ఎక్కించావు" అనేది. "దారం వంకర ఎలా అవుతుందత్తయ్యా?" అనేదాన్ని. "మీ పోలిష్ వాళ్ళ చేతిలో అవుతుంది" అనేది. కానీ మునుపటి పదును ఆ మాటల్లో లేదు. ఒకరోజు సూది పక్కన పెట్టి, "నిజం చెప్పు, వాడికి నా మీద కోపంగా ఉందా?" అంది. లేదన్నాను. "కోప్పడితే బాగుండేది" అంది.

గరాజులో టిబోర్ పొద్దుటి నుంచి ఆ పాటలే వాయించుకునేవాడు. ఆ పాటలన్నీ ఎప్పుడో కంఠతా వచ్చినవే, కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. అయినా ఏ పాటలో చెయ్యి ఎంత ఎత్తు లేపాడో గుర్తుచేసుకుని మరీ వాయించేవాడు. "కెమెరాకి వీపే కదా కనపడేది, ఇక్కడ భుజం ఇలా వంగితే బాగుంటుందా?" అని నన్ను పిలిచి చూపించేవాడు. బాగుంటుంది అనేదాన్ని. నిజంగానే బాగుండేది. ఆ జూలైలో మా ఇంట్లో అందరం సంతోషంగా ఉన్నాం, ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది దానికే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం లాట్సి కొత్త కారులో వచ్చి గుమ్మంలోంచే కేకేశాడు.

"వదినా! ఎలా ఉన్నావు వదినా?"

అప్పుడే నాకు అనుమానం వచ్చింది. మామూలు రోజుల్లో వాడికి నేను హలీనా. కోపం వస్తే ఏయ్. వదినా అన్నాడంటే ఏదో కావలసి వచ్చిందన్నమాట.

కావలసింది చొక్కాయే. అత్తగారు దాన్ని పల్చటి కాయితంలో మడతపెట్టి, అట్టపెట్టెలో పెట్టి, రిబ్బను కట్టి ఉంచింది. "భుజాల దగ్గర కొంచెం వదులుగా కుట్టాను, చేతులు బాగా ఆడతాయి" అంది. లాట్సి ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టాడు.

"మా టిబీ ఎప్పుడు బయల్దేరాలి?" అని అడిగిందావిడ.

"కబురు చేస్తాం కదమ్మా" అంటూనే వాడు మెట్లు దిగాడు. నేను వాడి వెనకే కారుదాకా వెళ్ళాను. గరాజులోంచి డ్రమ్ములు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఆయన్ని పిలవనా? పెట్టె ఆయనే తెచ్చుకుంటాడుగా."

లాట్సి పెట్టెని వెనక సీట్లో పెట్టి తలుపు మూశాడు. "అన్నయ్య రావట్లేదు."

"మరి చొక్కా?"

"చొక్కా వస్తోంది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. వాడు కారుకి చేరబడి గొంతు తగ్గించాడు.

"రాండల్ అని ఒక కుర్రాడు. లాస్ ఏంజెలస్‌వాడు. సినిమాకని డ్రమ్ములన్నీ మళ్ళీ స్టూడియోలో వాడి చేత వాయింపించారు. అన్నయ్య మెల్లగా సాగే పాటల్లో తొందరపడతాడు, నీకూ తెలుసు. హాల్లో చెల్లిపోతుంది, తెర మీద చెల్లదు అన్నారు కంపెనీవాళ్ళు. మోత రాండల్‌ది అయినప్పుడు చేతులు కూడా రాండల్‌వే ఉండాలి వదినా. లేకపోతే దెబ్బ ఒకప్పుడు పడుతుంది, మోత ఒకప్పుడు వినపడుతుంది. మొహం చూపించరులే. వీపు, చేతులు, అంతే. పేరు అన్నయ్యదే వేస్తారు, నేను మాట్లాడాను."

"తర్వాత కచేరీలకో?"

వాడు తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పాడు. "రాండల్ మంచి కుర్రాడు" అన్నాడు.

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను లాట్సీ. తగలేసే ముందు ఆ తెప్ప ఒంటి మీది చొక్కా కూడా అడిగి పట్టుకుపోయేవాణ్ణి నిన్నే చూస్తున్నా. పెట్టె ఇటివ్వు."

"అరవకు."

"అరుస్తా. ఇప్పుడే వెళ్ళి మీ అమ్మతో చెప్తా."

"చెప్పు" అన్నాడు వాడు. ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నాడంటే నాకు భయమేసింది. "వెళ్ళి చెప్పు. అన్నయ్యని ఎందుకు తీసేశారు అంటుంది. అప్పుడేం చెప్తావు? ఆ చొక్కా ఉతక్కపోతే ఆ కెమెరా అక్కడే ఉండేది. మళ్ళీ తీయాల్సిన పనే ఉండేది కాదు, రాండల్ అవసరమే వచ్చేది కాదు. కొడుకు నోటి దగ్గరి ముద్ద తన చేతులే లాగేశాయని అమ్మకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

డ్రమ్ములు ఆగాయి. టిబోర్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ గరాజులోంచి వచ్చాడు. నవ్వు మొహంతోనే వచ్చాడు.

"ఏ పాట ముందు తీస్తున్నారు?" అని అడిగాడు తమ్ముణ్ణి.

లాట్సి తేలుకుట్టిన దొంగలా కారు చక్రం వైపు చూస్తున్నాడు. టిబోర్ వాడి మొహం చూశాడు, నా మొహం చూశాడు, వెనక సీట్లో ఉన్న పెట్టె చూశాడు. తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు.

"ఎవరు?" అన్నాడు.

"రాండల్ అని..."

"లావా, సన్నమా?"

"సన్నమే."

"అయితే సరిపోతుంది" అన్నాడు టిబోర్. కొంచెం ఆగి, "అమ్మకి తెలియకూడదు. ఇద్దరికీ చెప్తున్నా" అన్నాడు. తమ్ముడు ఏదో అనబోతే, చెయ్యి అడ్డంపెట్టి, "పో. విమానం టైమవుతోంది" అన్నాడు. వాడు పోయాడు. వీధి చివర హారన్ కూడా కొట్టాడు, వెధవ.

నేను ఏడ్చాను, తిట్టాను. "ఊరంతా వినేలా అరుద్దాం, పేపరువాళ్ళని పిలుద్దాం" అన్నాను. "కడుపు చించుకుంటే ఎవరి కాళ్ళ మీద పడుతుంది హలీనా?" అన్నాడాయన. "వంటింట్లో ఉన్న ఆవిడ కాళ్ళ మీద పడుతుంది." ఆ తర్వాత ఆ మాట మా మధ్య మళ్ళీ రాలేదు.

కానీ అబద్ధం ఆడితే సరిపోదు, దాన్ని ఊరు దాటించాలి కదా. టిబోర్ కాలిఫోర్నియా వెళ్ళాలి. అత్తగారు ఆయన కొత్త ప్యాంట్లు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దింది. విమానంలో ఆకలేస్తే తినమని సాసేజీలూ, వేయించిన కోడిముక్కలూ, గసగసాల రొట్టే కట్టింది. "నువ్వు కూడా వెళ్ళు, వాడికి తోడుగా" అని నన్ను పంపింది, గేటుదాకా వచ్చి. విమానాశ్రయం వైపు కాకుండా తూర్పుకి తిరిగి, ఈరీ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు దిగే ఒక చెక్క గదిలో అద్దెకి దిగాం.

అక్కడ ఏం చేశామంటే ఏమీ చెయ్యలేదు. ఆయన రోజంతా రేవు చెక్కల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాడు. నేను ఆ కోడిముక్కలు తెచ్చి పక్కన పెడితే తినేవాడు. ఒకసారి, "ఇప్పుడు వాడు ఏ పాట వాయిస్తుంటాడో" అన్నాడు. నేను మాట మార్చాను. పక్కగది ముసలాయన ఒకడు, "ఏం పనిచేస్తావు బాబూ?" అని అడిగితే టిబోర్ తడుముకుని, "గాజు ఫ్యాక్టరీలో" అన్నాడు. అప్పటికి అది అబద్ధమే. అక్టోబరుకల్లా నిజమైంది.

తిరిగి వచ్చేసరికి ఆయన మెడా మొహమూ ఎండకి కమిలి చర్మం ఊడుతోంది. అత్తగారు వాకిట్లోనే గడ్డం పట్టుకుని చూసి, "అమ్మో, కాలిఫోర్నియా ఎండ ఇలా మండిపోతుందట్రా! స్టూడియో అన్నారు, కప్పు లేదా దానికి?" అంది. "ఉందమ్మా. ఖాళీ దొరికినప్పుడు బయట తిరిగాను" అన్నాడు. ఆవిడ మజ్జిగ తెచ్చి మెడకి రాసింది. "చొక్కా సరిపోయిందా?" "చక్కగా సరిపోయింది." "ఉతకలేదుగా ఎవరూ?" "లేదమ్మా." ఆవిడ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది, గోడ అవతల గురక వింటూ నేను మేలుకున్నాను.

నవంబరులో మా ఊళ్ళోని పెద్ద సినిమా హాల్లో మొదటి ఆట వేశారు. వద్దు, ఏదో వంక చెప్పి తప్పించుకుందాం అన్నాను. "అమ్మ అప్పుడే పేటంతా చాటింది" అన్నాడు టిబోర్. నిజమే. చర్చి నుంచి, కసాయి కొట్టు నుంచి, రెండు వరసలు నిండా మా పేటవాళ్ళే వచ్చారు. ముందువరసలో లాట్సి, కంపెనీవాళ్ళు. వాడు మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు కానీ దగ్గరికి రాలేదు. ఆవిడని మధ్యలో కూర్చోబెట్టి అటొకరం ఇటొకరం కూర్చున్నాం. ఆవిడ నల్లటి పండగ గౌను వేసుకుంది. దీపాలు ఆరగానే టిబోర్ చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది.

ముందు చాలాసేపు లాట్సియే. వాడి నోరు, వాడి జుట్టు, వాడి చెమట. తరువాత పాట మధ్యలో తెర ఒక్కసారిగా తెల్లబడింది. గోడంత వీపు. మెడ వెనక ఎర్ర తులిప్ పూలు, ఒక్కొక్కటీ మనిషంత. వాటి కిందుగా రెండు చేతులు లేచి పడుతున్నాయి. దెబ్బా మోతా ఒక్కటిగా, ఎక్కడా తప్పు లేకుండా పడుతున్నాయి.

"అదిగో!" అంది అత్తగారు హాలంతా వినబడేలా. "టిబీ, అదిగో నువ్వు! చూడండమ్మా, నా కొడుకు!"

మా పేటవాళ్ళు వెనక వరసల నుంచి చప్పట్లు కొట్టారు. ఎవరో ఆయన భుజం తట్టారు. ముందువరసలో లాట్సి తల తిప్పలేదు.

"నువ్వే కదరా?" అని సంతోషం పట్టలేక మళ్ళీ అడిగిందావిడ.

"నేనేనమ్మా" అన్నాడు టిబోర్.

ఆయన చెయ్యి ఆవిడ ఒళ్ళో ఉంది. తెర మీద ఆ చేతులు వాయిస్తూనే ఉన్నాయి. ఇంకొంచెంలో లేచి అరిచేద్దును. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ తల ముందుకు చాచి, కళ్ళు చికిలించి, తెర వైపు చూస్తోంది. చూస్తూ చూస్తూ మొహం ముడిచింది.

ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. "ఆ మెడ చూశావా?" అంది. "ఎంత పీక్కుపోయిందో? నేను వదులుగా కుట్టింది నిజమేగానీ, మరీ చిలక్కొయ్యకి తగిలించినట్టు ఉంది. ఏమే, ఆ వేసవంతా నా కొడుక్కి అన్నం పెట్టావా, లేదా?"

టిబోర్ ఆవిడ తల మీదుగా నా వైపు చూశాడు.

"లేదత్తయ్యా" అన్నాను. "సరిగ్గా పెట్టలేదు."

"నేనప్పుడే అనుకున్నా" అంది ఆవిడ, మళ్ళీ తెర వైపు తిరిగి.